రిబ్కా ఇంటికి పోయిన బంగారము

వాక్యభాగములు: ఆదికాండము 24వ అధ్యాయము; రూతు 4:9–11; యోహాను 2:1–11



వరికోతలు ముగిసి కల్లములు ఖాళీ అగుసరికి సిరొంచ తాలూకాలో పెండ్లి మాటలు మొదలగును. బల్లార్షా, చంద్రపూర్, నాగపూర్, ముంబయి పట్టణములలో స్థిరపడిన మన కుటుంబములవారు ఆ దినములలో కుమారులకు సంబంధములు వెదకుచు గోదావరి ఒడ్డునకు తిరిగి వచ్చుచుందురు. ఊరి సంఘములోని పిల్ల అయితే ఇంటిలో తెలుగు నిలుచును, ప్రార్థన నిలుచును అని వారి ఆశ. అది మంచి ఆశయే. అయితే ఆ పెండ్లి ఏర్పాట్లు ఏ తీరున జరుగుచున్నవో ఆలోచించవలసియున్నది గనుక ఆదికాండము 24వ అధ్యాయమును మీ ముందు ఉంచుచున్నాను. బైబిలు తెరచి ప్రక్కన పెట్టుకొని చదువుడని మనవి.

ఈ అధ్యాయములో 67 వచనములు ఉన్నవి. ఆదికాండములో ఇంత పొడుగైన అధ్యాయము మరియొకటి లేదు. భూమ్యాకాశముల సృష్టికి మొదటి అధ్యాయములో 31 వచనములు చాలినవి. ఒక పిల్లను చూచి, మాటలాడి, తోడుకొని వచ్చుటకు 67 వచనములు పట్టినవి! పెండ్లి ఏర్పాట్లు దేవుని గ్రంథమునకు చిన్న సంగతి కాదని దీనివలన తెలియుచున్నది. పైగా ఇది వలస పోయిన ఇంటివారి పెండ్లి. అబ్రాహాము స్వజనమును విడిచి కనానులో కాపురము పెట్టెను. కొడుకు ఎదిగెను. పిల్ల మాత్రము తన వారిలోనుండియే రావలెను, కాని కొడుకును అక్కడికి మరల తీసికొని పోగూడదు అని దాసునికి రెండు షరతులు పెట్టెను. మనలో ఎందరు తండ్రులు ఈ రెండు మాటలనే నేడును పలుకుచున్నారు!

ఆ దాసుడు నాహోరు పట్టణమునకు పోయి బావియొద్ద నిలిచి ప్రార్థించెను. ఏ గురుతు అడిగెనో చూడుడి. ఇల్లు ఎంత, పొలమెంత, పిల్ల రంగు ఎట్టిది అని అడుగలేదు. దాహమడిగిన పరదేశికి నీళ్లిచ్చి, ఒంటెలకు కూడ తోడిపోయుదునని తనంతట తానే అనునది కావలెనని అడిగెను. ఒంటెలు పది. ఎండాకాలమున బోరింగు కొట్టి రెండు బిందెలు మోసిన స్త్రీలకు ఆ పని ఎంతటిదో వేరుగా చెప్పనక్కర లేదు.

ఇప్పుడు 22వ వచనము దగ్గర ఆగవలెను. ఒంటెలు త్రాగి ముగించిన తరువాత దాసుడు బంగారము బయటికి తీసెను. అరతులము ఎత్తు ముక్కుకమ్మి, పది తులముల ఎత్తు రెండు కడియములు. 53వ వచనములో మరల వెండి నగలు, బంగారు నగలు, వస్త్రములు రిబ్కాకు ఇచ్చెను. ఆమె సహోదరునికి, తల్లికి కూడ విలువగల వస్తువులు ఇచ్చెను. ఈ బంగారము ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోయినది? మగపెండ్లివారి ఇంటినుండి ఆడపెండ్లివారి ఇంటికి పోయినది. లాబాను ఎట్టివాడో తరువాతి అధ్యాయములలో మనము చూచెదము, అతని కన్ను మొదట నగలమీదనే పడెను. అయినను అటువంటి ఇంటినుండి కూడ అబ్రాహాము దాసుడు ఒక తులమైనను అడుగలేదు.

మన సంఘములలో కట్నము అను మాటను ఎవరును నోట పలుకరు. “మీ అమ్మాయికి మీరేమి పెట్టుకొందురో మీ ఇష్టము” అందురు. ఆ ‘మీ ఇష్టము’లో మోటారు సైకిలు ఉన్నది, బీరువా ఉన్నది, మంచము పరుపులు ఉన్నవి, పట్టణములో హాలు అద్దె ఉన్నది. ప్రార్థనతో ఆరంభించి ప్రార్థనతో ముగించిన మాటలలోనే ఇదంతయు నడుచుచున్నది. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. ఇచ్చుట, పుచ్చుకొనుట, అడుగుట మూడును నేరములే. ‘ఇష్టము’ అని పేరు మార్చినంత మాత్రమున చట్టము మారదు, వాక్యము అసలే మారదు.

మన తాతల కాలమున అనేక శ్రామిక కులములలో మగవారే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకొనెడివారు. ఓలి మంచిదని నేను చెప్పుట లేదు. పిల్లకు కట్టిన వెల ఏ దిక్కునుండి వచ్చినను వెలయే. కాని కొడుకులకు చదువు, నౌకరి, కంపెనీ క్వార్టరు వచ్చిన తరువాత ఆ డబ్బు దిక్కు మార్చుకొన్నది. చదువును మనకు తెచ్చినది మిషను బడి. ఆ చదువు మీదనే రేటు కట్టుచున్నాము.

సిరొంచ తాలూకాలో ఆ రేటు ఎవరు చెల్లింతురో పట్టణపు సంఘములవారు తెలిసికొనవలెను. ఇక్కడ వరి ఒక పంట. కొందరికి ప్రత్తి, మిరప. మే నెలలో తునికాకు కల్లములో కట్టలు లెక్కబెట్టి ఇచ్చు డబ్బు మరికొంత. అది చాలదు గనుక కూలి కుటుంబములు గోదావరి దాటి తెలంగాణలోని మిరప చేలకు పోవుదురు. వారములకొలది అక్కడనే గుడిసె వేసికొని కాయలు ఏరుదురు. పెండ్లికి అప్పు చేసిన ఇంటిలో తల్లిదండ్రులతోపాటు పెండ్లికూతురి తమ్ముడు, చెల్లెలు కూడ బడి మాని పోవుదురు. నేను ఎన్నో ఏండ్లు బడిలో హాజరు పిలిచినవాడను. ఏ పేరు పిలిచినప్పుడు పలుకు రాలేదో, ఆ ఇంట ఆ ఏడు ఏ పెండ్లి జరిగినదో ఆ రెండింటిని కలిపి చదువుట నాకు అలవాటైనది. బల్లార్షాలో మన పిల్లవాడు ఎక్కిన మోటారు సైకిలు వెల, ఇక్కడ ఏడవ తరగతిలో ఒక పిల్లవాని పేరు కొట్టివేయబడుటవలన చెల్లినది. ఈ మాట కఠినముగా ఉన్నదని కొందరనవచ్చును. ఆ పట్టీ చూచినవారు అనరు.

ఖర్చులో పెద్ద భాగము స్థలమునకు, భోజనములకు పోవుచున్నది గనుక దానిని గూర్చి కొంచెము చెప్పవలెను. సిరొంచనుండి జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దారి. కాళేశ్వరము మాత్రము ఎదురుగా, నది ఆవలి ఒడ్డున. 2016లో ఆ రెంటి మధ్య గోదావరిపై వంతెన తెరువబడినది. అంతకు ముందు పెండ్లివారు పడవలో దాటెడివారు. పడవ ఎందరిని మోయునో అందరే చుట్టములు. వంతెన మనకు గొప్ప మేలే, రోగులు సకాలమున ఆసుపత్రికి చేరుచున్నారు. కాని చుట్టముల జాబితాకు ఉన్న హద్దు కూడ దానితో పోయినది. ఇప్పుడు బస్సులు మాటలాడుకొని భూపాలపల్లిలోనో మంచిర్యాలలోనో చంద్రపూర్‌లోనో హాలు తీసికొనుట గౌరవమైనది. పిల్లను పెంచిన ఊరి మందిరము ఆ దినమున తాళము వేసి ఉండును.

రూతు గ్రంథము నాలుగవ అధ్యాయమున బోయజు ఏమి చేసెను? ఊరి గవినియొద్ద కూర్చుండి పదిమంది పెద్దలను పిలిపించెను. అందరియెదుట మాట చెప్పి, మీరు సాక్షులని అడిగెను. వారందరు ఔనని పలికిరి. ఆ పదిమంది ఆ ఊరివారే, మరునాడును అదే గవినిలో కూర్చుండువారే. రూతు మోయాబునుండి వచ్చిన పరదేశి. ఆమెను రేపు ఎవరైనను ఒక మాట అనినయెడల, నేను ఆనాడు అక్కడ ఉంటిని అని నిలువదగినవారు. సాక్షి అనగా అట్టివాడు. హాలులో భోంచేసి కవరు చేతిలో పెట్టి రాత్రి బస్సుకు పోవు ఎనిమిది వందలమందిలో అట్టివారు ఎందరు? 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరొంచ తాలూకా ఒడ్డు ఊళ్లవారు ఇండ్లు విడువవలసి వచ్చినప్పుడు ముసలివారిని ఎత్తుకొని, బియ్యపు బస్తాలు మోసినవారు ప్రక్క ఇంటివారు. వారిలో కొందరు క్రైస్తవులు కూడ కారు. అట్టివారి యెదుట ఆ ఇంటి పిల్ల పెండ్లి జరుగుట న్యాయము.

కనుక నా ఆలోచన ఇది: పెండ్లి పిల్ల ఊరి మందిరములోనే జరుగవలెను. మందిరము చిన్నదైతే బయట పందిరి వేయవలెను. పప్పు, కూర, అన్నము, చారు సంఘము స్త్రీలు వండగలరు, వండి పెట్టుట వారికి సంతోషము. ఖర్చు ఇరువైపులవారు సగము సగము పెట్టుకొనవలెను; మగవారే అంతయు పెట్టుకొనినను తప్పు లేదు, అబ్రాహాము అట్లే చేసెను. వానకాలమున దారులు తెగును, తునికాకు దినములలో ఊరిలో మనిషి ఉండడు. కల్లము లేచిన తరువాత, మిరప చేలకు పోకముందు దొరకు దినములు మంచివి. ఇక ముహూర్తముల సంగతి. మనవారిలో కొందరు పాస్టరుగారికి తెలియకుండ పంచాంగము చూపించుకొని ఆ తరువాత ప్రార్థన పెట్టించుదురు. అందరికి ముహూర్తమున్న దినముననే టెంటు, వంటపాత్రలు, జీపు అన్నిటికి అద్దె రెట్టింపగును. మంచిరోజు నమ్మిన క్రైస్తవునికి ఆత్మనష్టమే గాక డబ్బునష్టము కూడ!

కానా ఊరి పెండ్లిని గూర్చి యోహాను వ్రాసిన సంగతి మనకందరికి తెలిసినదే. పెండ్లిలో ద్రాక్షారసము తక్కువైనది. అది పులిసినదా పులియనిదా అను వాదమును నేనిక్కడ ఎత్తను, దానిమీద మన సంఘములలో సరిపడినంత వేడి పుట్టియున్నది. నేను చూపదలచినది వేరు. ఆ కొరతను మొదట కనిపెట్టినది ఎవరు? విందుప్రధాని కాడు, పెండ్లికుమారుడు కాడు. వంటవైపు తిరుగుచున్న మరియ కనిపెట్టెను. ప్రభువు ఆ పెండ్లికి పిలువబడినవాడు గనుక ఆమె నేరుగా ఆయనతో చెప్పగలిగెను. మన పెండ్లిళ్లలో ప్రభువును ఎక్కడికి పిలుచుచున్నాము? ఆరంభ ప్రార్థనకు, ఫోటోకు. చిట్టా వ్రాయునప్పుడు, అప్పు పత్రముమీద వ్రేలిముద్ర వేయునప్పుడు ఆయనను పిలుచుట లేదు. కొరత పుట్టు స్థలము అదే.

గడ్చిరోలి జిల్లాలో 1993 నుండి మద్యనిషేధము ఉన్నది. ప్రజలు కోరి పోరాడి తెచ్చుకొన్నది. ప్రక్కనున్న చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తివేసిరి, ఇక్కడ నిలిచియున్నది. అయితే వంతెన ఆవల తెలంగాణలో దుకాణములు తెరచియున్నవి, ఈవల అడవిలో ఇప్పసారా కాచువారున్నారు. మగపెండ్లివారు వచ్చినప్పుడు “మావారికి కొంచెము ఏర్పాటు చేయుడి” అని చెవిలో చెప్పుదురు. పిల్ల తండ్రి సంఘములో డీకనై యుండవచ్చును. అతడు కాదనిన పెండ్లి చెడునేమోనని భయము, ఔననిన పోలీసు భయము, దేవుని భయము. రాత్రిపూట సంచిలో సీసాలు పెట్టుకొని వంతెన దాటుటకు ఎవరో ఒక కుర్రవానిని పంపుదురు. పట్టణపు సంఘ పెద్దలారా, ఈ మాట మీతో చెప్పుచున్నాను: ఆ చెవిలో మాట మీవైపునుండి పుట్టుచున్నది. దానిని ఆపవలసినది మీరే, పిల్ల తండ్రి కాదు. మాటలు జరిగిన దినముననే మీ పాస్టరుగారు అందరిలో గట్టిగా చెప్పినయెడల ఆ డీకనుకు ఎంత బరువు దిగును!

ఇక కాగితముల సంగతి. ఇది ప్రసంగమునకు తగినది కాదని కొందరికి తోచును. నాకు తెలిసిన ఒక విధవరాలు ఉన్నది. భర్త గనిలో పనిచేసి మరణించెను. పింఛను కొరకు పెండ్లి సర్టిఫికెట్టు అడిగిరి. పెండ్లి జరిగినది నిజము, ఊరంతయు చూచినది నిజము. కాని పెండ్లి చేసిన పాస్టరుగారికి లైసెన్సు లేదు, రిజిస్టరు లేదు. ఆయన ఇచ్చినది బంగారు అంచు గల అందమైన కార్డు. ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని ఆమె ఆఫీసుల చుట్టు తిరిగెను. నేను వ్రాసిపెట్టిన అర్జీలే చాలా ఉండును.

మన పెండ్లిళ్లకు ఆధారము 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము. దాని 6వ సెక్షను ప్రకారము రాష్ట్ర ప్రభుత్వము తన పరిపాలనలోనున్న ప్రాంతము మేరకే పాస్టర్లకు పెండ్లి చేయు లైసెన్సు ఇచ్చును. ఇది ఈ సరిహద్దులో చాల ముఖ్యము. హనుమకొండనుండియో వరంగల్లునుండియో మనకు ప్రియమైన బాప్టిస్టు పాస్టరుగారిని పిలుచుకొందుము. ఆయన లైసెన్సు తెలంగాణది. వంతెన దాటి ఈవలికి వచ్చినప్పుడు ఆయన వాక్యము చెప్పవచ్చును, ఆశీర్వదింపవచ్చును. పెండ్లి జరిపించి రిజిస్టరు వ్రాయవలసినది మహారాష్ట్రలో లైసెన్సు గలవారు. అట్టివారు మనలో దొరకనియెడల పొరుగు సంఘములోని పాస్టరుగారిని అడుగవలెను, లేనియెడల క్రైస్తవ వివాహముల రిజిస్ట్రారు ఉన్నారు. పాస్టరుగారిని “మీకు లైసెన్సు ఉన్నదా అయ్యా, ఏ రాష్ట్రముది?” అని అడుగుట అమర్యాద కాదు. పిల్లవానికి 21, పిల్లకు 18 ఏండ్లు నిండవలెను. ముందుగా నోటీసు ఇచ్చి మందిరములో అందరికి కనబడునట్లు అంటింపవలెను. పెండ్లి ఉదయము 6 గంటలనుండి సాయంత్రము 7 గంటల లోపల జరుగవలెనని 10వ సెక్షను. ఊరేగింపులో బ్యాండు పెట్టుకొని నాలుగింటి పెండ్లికి ఎనిమిదింటికి దిగు పెండ్లికొడుకులు దీనిని గుర్తుంచుకొనవలెను. పదిమంది కన్యకల ఉపమానములో పెండ్లికుమారుడు ఆలస్యము చేసెనని నాతో వాదించిన యువకుడొకడున్నాడు. ఆయన ప్రభువు, నీవు కావు నాయనా అని చెప్పితిని.

చివరకు రిబ్కాను అడిగిన మాటకు వచ్చుచున్నాను. తండ్రియు సహోదరుడును ముందే ఒప్పుకొనిరి, అది 51వ వచనములో ఉన్నది. అయినను దాసుడు మరునాడే బయలుదేరవలెనని తొందరపెట్టినప్పుడు ఇంటివారు పిల్లనే పిలిచి ఈ మనుష్యునితో వెళ్లుదువా అని అడిగిరి. ప్రయాణమును గూర్చి మాత్రమే అడిగిరని కొందరందురు. అంతమాత్రమే యైనను, అడిగిరి గదా. ఆమె నోటితో ఆమె జవాబు చెప్పెను, అది లేఖనములో వ్రాయబడెను. మన పిల్లలను ఫోటో చూపించి “నచ్చెనా?” అని వంటింటి గడపమీద అడుగుదుము, తల వంచితే ఔనని తీసికొందుము. అది చాలదు. పాస్టరుగారు, పాస్టరమ్మగారు పిల్లను వేరుగా కూర్చుండబెట్టి, నౌకరి ఏమిటి, ఇల్లు ఎక్కడ, ఇంటిలో ఎవరెవరు ఉందురు అన్నియు చెప్పి అడుగవలెను.

ప్రమాణముల భాషను గూర్చి కూడ ఒక మాట. సిరొంచ తాలూకాలో ఇంటిభాష తెలుగే గాని ఈ ప్రాంతము 1956లో బొంబాయి రాష్ట్రములోను, 1960లో మహారాష్ట్రలోను చేరినది. మన పిల్లలు చదివినది మరాఠీ బడిలో. తెలుగు మాటలాడుదురు, తెలుగు అక్షరము రాదు. పాస్టరుగారు గ్రాంథికముగా పలికిన ప్రమాణమును అర్థము తెలియక గబగబ అప్పగించి కూర్చుందురు. నేను చేయునదేమనగా, ఆ ప్రమాణమునే దేవనాగరి అక్షరములలో వ్రాసి పిల్లకు వారము ముందు ఇత్తును. మూడుసార్లు చదివించి ఒక్కొక్క మాటకు అర్థము చెప్పింతును. అర్థము తెలిసిన తరువాత ఒక పిల్ల నన్ను, “కష్టములో కూడ అని నేను అనవలెనా, ఆయన కూడ అనవలెనా?” అని అడిగినది. ఇద్దరును అనవలెనమ్మా అంటిని. అప్పుడు సంతోషించినది. రిజిస్టరులో సంతకము కూడ పిల్ల తన చేతితో తనకు వచ్చిన అక్షరములలోనే చేయవలెను, అన్నగారు ఆమె చేయి పట్టి చేయించరాదు. దంపతుల సంతకములు, పాస్టరుగారిది, ఇద్దరు సాక్షులవి పూర్తియైన తరువాతనే భోజనములకు పిలువవలెను. వడ్డన మొదలైన తరువాత సాక్షులు దొరకరు.

రిబ్కా ఒంటరిగా పోలేదు. దాదియు పనికత్తెలును ఆమె వెంట పోయిరి. అక్కడ ఇస్సాకు ఆమెను తన తల్లి గుడారమునకు తీసికొని పోయెను. సిరొంచనుండి బల్లార్షాకో ముంబయికో వచ్చు మన పిల్లకు దాది లేదు. రెండు గదుల క్వార్టరు, భర్తకు రాత్రి షిఫ్టు, చుట్టుప్రక్కల తెలియని ముఖములు. కుళాయి ఎన్ని గంటలకు వచ్చునో, రేషను దుకాణము ఎక్కడనో, జ్వరము వచ్చినయెడల ఏ డాక్టరమ్మయొద్దకు పోవలెనో చెప్పు మనిషి కావలెను. ఆమె ఇబ్బంది పడుచున్నయెడల అత్తగారి యెదుట గాక వేరుగా అడుగు మనిషి కావలెను. ఏ సంఘములోనికి కోడలు వచ్చుచున్నదో ఆ సంఘపు స్త్రీల సమాజమువారు పెండ్లికి ముందే తమలో ఒక అక్కను ఇందుకు ఏర్పరచి, ఆమె పేరును పిల్ల తల్లికి తెలియజేయవలెను. మొదటి ఆదివారమున క్రొత్త కోడలు మందిరపు వాకిట నిలిచినప్పుడు ఆ అక్క లేచి ఎదురుపోయి, తన ప్రక్కన బెంచీమీద చోటు చూపవలెను.

ప్రభువు సేవలో మీ సహోదరుడు,
ఒక సంఘ పెద్ద, సిరొంచ